గాలి అందని ముక్క

"ఈ రెండు ముక్కల్లో ఒకటి అబద్ధం చెప్తున్నది," అన్నది డాక్టర్ వినోద, కంప్యూటర్ తెరను మా వైపు తిప్పుతూ.

మా ఆవిడ మల్లీశ్వరి కుర్చీ దగ్గరకు లాక్కుని తెరలోకి తొంగి చూసింది. పోలీసు శాఖలో హెడ్ కానిస్టేబుల్‌గా పనిచేసి, పై అధికారులతో పొసగక ఉద్యోగానికి దండం పెట్టి, నారాయణఖేడ్‌లో సొంతంగా డిటెక్టివ్ బోర్డు తగిలించుకున్న మనిషి ఆమె. నేను ఆమె భర్త నర్సింగ్‌ని. ఫొటో స్టూడియో నాది. పెళ్ళిళ్ళు లేనప్పుడు ఆమె వెంట కెమెరా మోసుకుని తిరుగుతాను. ఉన్నప్పుడూ తిరుగుతాను, కాకపోతే సణుక్కుంటూ తిరుగుతాను. ఇన్నేళ్ళ కాపురంలో నేను నేర్చుకున్నది ఒకటే. ఆమె నోరు మూసుకుని చూస్తోందంటే ఎక్కడో ఎవరి గుట్టో బయటపడబోతున్నట్టే.

తెర మీద రెండు బొమ్మలున్నాయి. ఎడమది లేత నీలం. కుడిదాంట్లో నీలం నడుమ ముదురు గోధుమ రంగు మరకలు, గుడ్డ మీద చాయ్ ఒలికినట్టు.

"ఎడమది సిర్గాపూర్ రైతు మొగులప్ప పేరు మీద వచ్చింది. కుడిది మన అహరోను పెద్దయ్య పేరు మీద," అన్నది డాక్టర్. "ఇద్దరికీ ఒక్క దినమే, గీ దవాఖానలనే, నేనే సూది పెట్టి ప్రొస్టేట్ నుంచి ముక్కలు తీసిన. హైదరాబాద్ ల్యాబ్‌కు పంపిన. ఇద్దరికీ కాన్సరే. కానీ మొగులప్ప పేరు మీదిది నిదానం రకం. కోత అక్కర లేదు, చూసుకుంట ఉంటే చాలు. అహరోను పేరు మీదిది పాకే రకం. ఇయ్యాల సాయంత్రం బండి వస్తది, ఆయన్ని హైదరాబాద్ తీస్కపోతది. రేపు పొద్దున ఆపరేషన్."

"మరి అబద్ధం ఏంది?"

"నా వేలు వేరే చెప్పింది మల్లీశ్వరక్కా. పరీక్ష చేసినప్పుడు అహరోను గ్రంథి మెత్తగ ఉండె. మొగులప్పది ఒక పక్కన రాయి లెక్క తాకింది. ముక్కలు మారినయని నా అనుమానం. ఏ ముక్క ఎవరిదో రక్తంతోని పోల్చే పరీక్షకు పంపిన. పది దినాలు ఆగుమన్నరు. అటుదిక్కు ఆపరేషన్ ఆపుమంటే, రుజువు ఏదని అడుగుతున్నరు. నా వేలు ఒక్కటే అంటే ఎవరింటరు?" ఆమె మౌస్‌ను పక్కకు నెట్టింది. "నా అనుమానం నిజమైతే, పెద్దయ్యకు అక్కర లేని కోత పడతది. పాకే రోగమున్న మొగులప్పకేమో, రిపోర్టు చూసి నీకేం భయం లేదు పొమ్మని నేనే చెప్పి పంపిన."

మల్లీశ్వరి తెర మీది మరకల్ని వేలితో చూపింది. "గీ గోధుమ రంగు ఏంది డాక్టరమ్మా?"

వినోద మా పక్కనున్న కల్హేర్ పిల్ల. పట్నంలో పెద్ద చదువులు చదివి, పట్నంలోనే పెద్ద జీతాలు పిలుస్తుంటే వద్దనుకుని మళ్ళీ ఇటే వచ్చింది. చాలామంది డాక్టర్లు నాలాంటివాణ్ణి చూస్తే చెప్పినా నీకు అర్థం కాదులే అన్నట్టు చెయ్యి ఊపేస్తారు. ఈమె అలా కాదు. అర్థమయ్యేదాకా వదలదు. అందుకే ఆమె అంటే నాకు ఎనలేని గౌరవం, దాచుకోవడం దేనికి.

"గడ్డ జల్దీ జల్దీ పెరుగుతది. అంత జల్దీ రక్తనాళాలు పెరగవు. నడిమిట్ల ఉన్న కణాలకు ఆక్సిజన్ అందదు. చాలా మట్టుకు చస్తయి. కొన్ని చావవు, గవ్విటితోనే ముప్పు. గాలి లేకున్నా బతికే విద్య నేర్చుకుంటయి. పక్క కణాన్ని పట్టుకున్న చెయ్యి ఇడుస్తయి. దారి తొలుచుకుంట పోయి రక్తంల పడతయి. ప్రొస్టేట్‌ది అయితే ఎక్కువగ పోయి ఎముకల్ల గూడు కట్టుకుంటది. రేడియేషన్ పెట్టినా వాటికి సరిగ తాకదు. కణాన్ని చంపేటందుకు దానికి సుత ఆక్సిజన్ సాయం కావాలె." ఆమె నా వైపు తిరిగింది. "నర్సింగన్నా, సిర్గాపూర్ దిక్కు బోర్లు ఎండిన ఏడాది ఊరిడిచి ఎవరు పోతరు?"

"కాళ్ళల్ల సత్తువ ఉన్నోళ్ళు పోతరు," అన్నాను.

"గిదీ గంతే. అందుకే ఎక్కడ గాలి అందుతలేదో ముందే పట్టుకోవాలె. ముక్క తీసే ముందు దినం ఇద్దరికీ ఒక గోలి ఇచ్చిన, కడుపు నిండ తిని వేసుకొమ్మని. అది మందు కాదు. ఆక్సిజన్ అందని కణాలు ఏడున్నయో ఆడికే పోయి అతుక్కుంటది. తర్వాత ల్యాబ్‌ల రంగేస్తే గోధుమ మరకగ తేలుతది."

కంటికి కనపడని కణం ఊపిరాడక దారి వెతుక్కోవడమేమిటి, దాని అడుగుజాడను పట్టుకోవడానికి మనిషి ఒక గోలిని పంపడమేమిటి. ఇరవై ఏళ్ళుగా కెమెరాతో మనుషుల ముఖాలు తీస్తున్న నాకు ఆ గోధుమ మరక ముందు నా పని చిన్న పిల్లల ఆటలా తోచింది. మెచ్చుకుందామని నోరు తెరిచేలోగా తలుపు తోసుకుని వీరేశ్ వచ్చాడు.

వీరేశ్ ఒకప్పుడు మల్లీశ్వరితో కలిసి అదే పోలీసు శాఖలో పనిచేశాడు. అప్పట్నుంచీ ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. ఇప్పుడు ఈ పరీక్షలకూ ఆపరేషన్లకూ సాయం చేస్తున్న ఒక ట్రస్టులో విచారణ అధికారి. డాక్టర్ అనుమానం చెప్పగానే నిజానిజాలు తేల్చమని ట్రస్టు అతన్ని పంపింది. అతను ఇస్త్రీ చొక్కా మడత నలగకుండా కూర్చుని తేల్చేశాడు కూడా.

"మల్లీశ్వరక్కా, నీకు తకలీఫ్ అక్కర లేదు. ల్యాబోళ్ళు తీసిన ఫొటోలు నేను చూసిన. ల్యాబ్‌కు చేరినప్పుడు రెండు సీసాలకూ తెల్ల ప్లాస్టర్ చుట్టి ఉన్నది. ఎవరూ ఇప్పలేదు. సీసాలు మారలేదు. డాక్టరమ్మ వేలు తప్పు చెప్పింది. గది ఒప్పుకోక మారినయి మారినయి అంటున్నది."

"ప్లాస్టర్ ఎప్పుడు చుట్టిన్రు?" అన్నది మల్లీశ్వరి.

"పంపేటప్పుడే. మధ్యాహ్నం."

"ముక్కలు తీసింది?"

"పొద్దున."

"నడుమ సీసాలు ఏడున్నయి?"

వీరేశ్ డాక్టర్ వైపు చూశాడు. ఆ సంగతి అతను అడగనే లేదు.

"పక్క గదిల," అన్నది డాక్టర్. "రోజ సిస్టర్ బల్ల మీద పెట్టింది. తలుపు దగ్గరికేసి ఉండె కానీ తాళం లేదు. ల్యాబ్ నుంచి ఖాళీ సీసాలు మూతలతో సహా తెప్పిచ్చిన. ఇయ్యాల పొద్దున్నే వచ్చినయి."

పక్క గది చిన్నది. ఒక బల్ల, చెయ్యి కడుక్కునే తొట్టి, గోడకు ఒక బెంచీ. పేషంట్ల బంధువులు చెప్పులూ సంచులూ పెట్టుకునేది ఆ బెంచీ మీదే. బల్ల మీద రెండు ఖాళీ సీసాలున్నాయి. మల్లీశ్వరి చేతికి తొడుగులు వేసుకుని ఒక్కొక్కటీ ఎత్తి చూసింది. నేను ఫొటోలు తీశాను. రెండూ ఒకే పోలిక. ఒంటి మీద ఏ గుర్తూ లేదు. పేరు రాసిన చీటీలు మూతల మీద అంటించి ఉన్నాయి.

"పేర్లు మూతల మీద ఎందుకున్నయి?"

"సీసా ఒళ్ళు తడిగ ఉంటది, చీటీ నిలవదని సిస్టర్ మూతకు అంటిస్తది," అన్నది డాక్టర్. అని, ఆ మాట తనకే వినపడ్డట్టు ఆగిపోయింది.

మల్లీశ్వరి అహరోను పేరున్న మూతను వెలుతురుకు ఎత్తింది. అంచు నుంచి లోపలి మరల దాకా సన్నటి పగులు ఉంది. ఆ పగులు నిండా తెల్లటి గట్టి పదార్థమేదో కూరి ఉంది. సూదిమొనతో రవ్వంత గీకి, నీటి చుక్కలో వేసి, రెండు వేళ్ళ మధ్య నలిపింది. జిగటగా సాగి గరుకుగా మిగిలింది.

"మైనం కాదా?" అన్నాను.

"జొన్న రొట్టె," అన్నది మల్లీశ్వరి. "పిసికి పెట్టిన్రు."

వీరేశ్ పకపకా నవ్వాడు. "రొట్టె ముక్కను చూపిచ్చి ఆపరేషన్ ఆపుమంటవా? పట్నపోళ్ళు నిన్ను చూసి నవ్వుతరు. నీ పరేషాన్ల అహరోనుకు వచ్చిన పడక పోతది. మళ్ళెప్పుడు దొరుకుతదో తెల్వదు. గా ముసలాయనకు రోగం పాకితే జవాబు ఎవరు చెప్తరు?"

"నువ్వన్నది నిజమే," అన్నది మల్లీశ్వరి. "సీసాలు మారలేదు."

వీరేశ్ నవ్వు అక్కడే ఆగింది. ఆమె ఒప్పుకుంటే అతనికి భయం. నాకూ భయమే, కాకపోతే నా భయం ఇంట్లో.

"దొంగ సందు పూడ్చడు వీరేశ్. మార్చుకుని పోతడు. గీ పగులు పూడ్చినోళ్ళకు లోపలి ముక్క మీద ప్రేమ, పాయిరం ఉన్నది. పాయిరంతోని చేసిన పనికి ప్లాస్టర్ ఫొటోలు సాక్ష్యం చెప్పవు."

అహరోనూ ఆయన భార్య లీలమ్మా వరండాలో బండి కోసం కూర్చుని ఉన్నారు. పక్కన బట్టల సంచి. అహరోను చర్చిలో పాటలు ఎత్తుకునే పెద్దమనిషి. క్రిస్మస్ ఫొటోలు తీయడానికి వెళ్ళినప్పుడల్లా ఆ గొంతు వింటూ కెమెరా నొక్కడం మరిచిపోయేవాణ్ణి. రేపు కోతకు పోబోతున్న మనిషి, మమ్మల్ని చూడగానే బెంచీ మీద జరిగి చోటిచ్చాడు.

మల్లీశ్వరి కూర్చోలేదు. ఆయన ఎదురుగా నిలబడింది.

"పెద్దయ్యా, ముక్క తీసే ముందు దినం డాక్టరమ్మ ఒక గోలి ఇచ్చింది. వేసుకున్నవా?"

"వేసుకున్న."

"ఎప్పుడు?"

"పొద్దున."

"ఏం తిని వేసుకున్నవు?"

ఆయన చెయ్యి జేబు మీదికి పోయింది. లీలమ్మ భర్త వైపు తిరిగింది.

"కడుపు నిండ తిని వేసుకొమ్మన్నది గా గోలి," అన్నది మల్లీశ్వరి నెమ్మదిగా. "అప్పుడు మీకు శ్రమల దినాలు, ఈస్టర్ ముందటి ఉపవాసాలు. ఊరంత ఎరుకే, నువ్వు పొద్దుగూకేదాక మంచినీళ్ళు సుత ముట్టవు."

అహరోను కళ్ళద్దాల పెట్టె తీశాడు. అద్దాల కింద మడిచిన తుడుపు గుడ్డ విప్పాడు. అందులో గోలి చెక్కుచెదరకుండా ఉంది.

"అబద్ధమాడిన బిడ్డా. పొద్దంత ఉపవాసముంటి. పొద్దుగూకినంక యాది మరిచిన. తెల్లారి డాక్టరమ్మ అడిగింది. అంత చదువు చదివి మన కోసం మళ్ళొచ్చిన పిల్లనాయె, మొఖం చిన్నబోతదని వేసుకున్ననని చెప్పిన. గా అబద్ధానికే దేవుడు నాకు రోగం ముదిరిచ్చిండని గీ దినాలన్నీ ఏడ్సుకుంట ప్రార్థన చేస్తున్న."

మల్లీశ్వరి వెనక్కి తిరిగింది. "డాక్టరమ్మా, గోలి మింగని మనిషి ముక్కల గోధుమ రంగు తేలుతదా?"

"తేలదు." వినోద ఒక అడుగు ముందుకు వేసింది. "గోలి లేంది మరక ఎక్కడికెల్లి వస్తది?"

"మరి పెద్దయ్య పేరు మీది ముక్కకు మరక ఉన్నది."

పది రోజుల పరీక్ష తేల్చాల్సింది కళ్ళద్దాల పెట్టెలో తేలిపోయింది. వీరేశ్ ఆ గోలినే చూస్తున్నాడు. నాకు మా ఆవిడ భుజం తట్టాలనిపించింది కానీ, పని మధ్యలో అలాంటివి ఆమెకు నచ్చవు.

ఆమె అప్పుడు లీలమ్మ పక్కన నేల మీద చతికిలబడింది. గొంతులో పోలీసు పోయింది.

"పెద్దమ్మా, ఆ దినం రొట్టెలు నువ్వే కట్టుకొచ్చినవు గదా. ముక్క తీసినంక పెద్దయ్య తినాలెనని."

లీలమ్మ తల వంచుకుంది. "నేను దొంగతనం చెయ్యలే."

"నాకు ఎరుకే. ఏమైందో చెప్పు."

"సంచి తీసుకుందామని ఆ గదిలకు పోయిన. ఈన సీసా ఏదో నాకెరుక. సిస్టరమ్మ నా ముందలనే పెట్టింది. మూత పగిలి ఉండె. ముక్కకు గాలి తాకితే రోగం ఒళ్ళంత పాకుతదని అందరంటరు. మా పెద్దాడిబిడ్డకు గట్లనే అయింది, కోత పెట్టిన్రు, గాలి తాకింది, నెలకు సచ్చిపోయింది. నాకు కాళ్ళు చేతులు ఆడలే. పక్క సీసాకు మంచి మూత ఉండె. అది తీసి ఈన సీసాకు పెట్టిన. పగిలింది దానికి పెట్టిన."

"రొట్టె?"

"మార్చినంక పానం ఒప్పలే బిడ్డా. గా రెండో సీసా ఆయన సుత ఒకామె పెనిమిటేనాయె. ఆయనకు మాత్రం గాలి తాకొచ్చునా. రొట్టె పిసికి సందుల పెట్టి, గట్టిగయిందాక వేలుతోని అదిమి పట్టుకున్న."

"మూత మీద పేరుండె గదా?"

"చీటీ ఉండె. నాకు చదువు రాదు. దవాఖానోళ్ళ గుర్తేదో అనుకున్న."

వినోద వచ్చి లీలమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. కోప్పడుతుందనుకున్నాను. ఆమె ఆ ముసలి చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుంది.

"అవ్వా, గాలి తాకితే పాకేది కాదు గిది. లోపల గాలి అందకపోతే ఇంకా మొండిగ పాకుతది. మీ ఆడిబిడ్డకు కోత పెట్టేసరికే అది పాకి ఉంటది. గాలి మీద నింద పడ్డది. నువ్వు తప్పు చెయ్యలే. పేరు మూత మీద ఉంచనిచ్చింది నేను. మూత మారితే మనిషి మారుతడని నాకు తోచలే. తప్పు నాది."

నా కెమెరా మెడలోనే ఉంది. ఫొటో తీయలేదు. భర్త కోసం మూత మార్చి, పరాయి ఆడదాని భర్త కోసం రొట్టె మెత్తిన ఆ తల్లి ఒక పక్క. పది మంది ముందు తప్పు నాదే అని నేల మీద కూర్చున్న డాక్టర్ ఒక పక్క. ఇద్దరికీ మనసులోనే దండం పెట్టాను. వీరేశ్ ఫోను తీసి హైదరాబాద్‌కు మాట్లాడాడు. అహరోను ఆపరేషన్ ఆపండి, రుజువు ఉంది, జిమ్మేదారీ నాది అన్నాడు. ఆ చివరి మాట అతని నోట వింటానని నేను ఎన్నడూ అనుకోలేదు.

"ఏమన్నా తెలివి ఉన్నదంటే గీమెకే ఉన్నది," అన్నాడు నాతో, ఆమెకు వినపడకుండా.

"నాకెరుకే," అన్నాను.

అహరోను మాత్రం ఇంకా ముఖం తుడుచుకోలేదు. "నాది కాకుంటే, ఆ రోగం ఆ తమ్మునిదా?" అన్నాడు. తనకు తప్పిన కోత సంగతి ఆయనకు పట్టనే లేదు.

వినోద అప్పటికే మొగులప్ప ఇంటికి ఫోను కలుపుతోంది. అందరికీ వినపడేలా పెట్టింది. మొగులప్ప భార్య పోశమ్మ ఎత్తింది. వెనుక కోళ్ళ అరుపులు వినిపిస్తున్నాయి.

"డాక్టరమ్మా, మంచిగున్నవా? నువ్వు ఏం భయం లేదన్న కాంచి ఇంట్ల పండుగ లెక్కనే ఉన్నది."

"పోశమ్మా, మొగులప్ప ఏడి? జర ఇయ్యి."

"ఇంట్ల లేడమ్మా. నడుం పట్టింది, వారం సంది వంగుతలేడు, లేస్తలేడు. పెద్ద రోగమైతే లేదని నువ్వే చెప్తివి, ఇగ ఇది ఉత్త పట్టేనని పొద్దున బోరంచ ఊరికి పోయిండు. ఆడ ఎదురుకాళ్ళతోని పుట్టిన అవ్వ ఉన్నదట. మూడు సార్లు తొక్కితే ఎసొంటి పట్టయినా ఇడుస్తదట."

కాళ్ళు ముందుగా పుట్టినవాళ్ళు తొక్కితే నడుం పట్టు వదులుతుందని మా వైపు అందరికీ నమ్మకం. నేనూ ఒకసారి తొక్కించుకున్నాను. మామూలు పట్టుకు ఏమీ కాదు. కానీ వినోద ఒక్కసారి లేచి నిలబడింది.

"వారం సంది నడుం నొప్పి అంటే అది వెన్నుల చేరిందేమో," అన్నది ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి. "చేరితే ఎముక లోపల గుల్లగ ఉంటది. మీద మనిషి బరువు పడితే వెన్నుపూస చితుకుతది. నడుం కిందికెల్లి ఇగ పని చెయ్యదు. జన్మల లేచి నడవడు."

మల్లీశ్వరి పోశమ్మను మొగులప్ప నంబరు అడిగి తన ఫోనులో నొక్కింది. అటువైపు మోగుతోంది. ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ నొక్కింది. మోగి మోగి ఇక ఆగిపోతుందనగా ఒక ముసలి ఆడగొంతు పలికింది.

"ఎవరదీ?"

"మొగులప్పకియ్యి అవ్వా. జల్దీ."

"ఇప్పుడు మాట్లాడరాదు బిడ్డా. బోర్లా పండుకున్నడు."

మల్లీశ్వరి గొంతు పెంచలేదు. పెంచితే అవతలి మనిషి ఉలిక్కిపడుతుందని ఆమెకు తెలుసు.

"అవ్వా, ఎట్లున్నవో గట్లనే ఉండు. కదలకు. నీ కాలు ఏడున్నది?"

"ఒకటి ఆయన నడుం మీద మోపిన," అన్నది ఆ గొంతు. "రెండోది ఎత్తుతున్న."